సారు నాటించిన మూరెడు కట్టె

మొన్న పొద్దున బాపు ఫోన్ చేసి, "బిడ్డా, మీ సోషల్ సారు పోయిండట. సిరిసిల్లల ఇంటికాడనే, నిద్రల" అన్నాడు. జగిత్యాలలో పనికి పోతున్నదాన్ని సగం దారిలోనే వెనక్కి తిరిగాను. "నేను గూడ వస్త. కలిసి పోదం" అని బాపే అన్నాడు. ఒకరు పిలవనిదే ఎక్కడికీ కదిలే మనిషి కాదు ఆయన.

కోరుట్ల పక్కన మా ఊరి బడికి సారు వచ్చేనాటికి నేను ఏడో తరగతి. సిరిసిల్లలో సాంచెల మీద బట్ట నేసే కుటుంబం ఆయనది. శనివారం ఇంటికి పోయి, సోమవారం జేబు నిండా తెగిన నూలు పోగులతో వచ్చేవారు. అదే మాకు టేపు. వాగు వెడల్పు కొలవాలన్నా, బావిలో నీళ్లు ఎంత లోతుకు పోయాయో చూడాలన్నా ఆ దారమే. సారు జేబులో దారాలేందని ఊళ్లో ఆడవాళ్లు నవ్వేవాళ్లు. ఆయన కూడా వాళ్లతో కలిసి నవ్వేవారు.

మొదటి రోజే, "ఉత్తరం ఎటుంది?" అని అడిగారు. క్లాసంతా ఒక్కసారే వేళ్లు పైకప్పు వైపు ఎత్తాం. గోడ మీది పటంలో ఉత్తరం పైనే కదా! సారు కడుపు పట్టుకుని నవ్వి, పటాన్ని గోడ నుంచి దించి, బయట నేల మీద పరిచి, గాలికి లేవకుండా రాళ్లు పెట్టారు. "గోడకున్నన్ని దినాలు గిది బొమ్మ. గిప్పుడు సూడుండ్రి, గిదే మనమున్న నేల" అన్నారు. దుబాయి ఎటుందో నాకు ఆ రోజే తెలిసింది. పడమర, మా ఊరి పీర్ల కొట్టం దిక్కున ఉంది.

నాకది చాలా పెద్ద సంగతి. బోర్లు ఎండి, ఊళ్లో మగవాళ్లు ఒకరి వెనక ఒకరు గల్ఫ్ దారి పట్టిన ఏళ్లవి. బాపు దుబాయి పోయేనాటికి నేను మరీ చిన్నదాన్ని. శుక్రవారం ఆయనకు సెలవు; ఆ రోజు కిరాణం షాపు ఫోన్‌కు చేసేవాడు. అమ్మ మాట్లాడి రిసీవర్ నా చెవికి పెట్టేది. "మంచిగున్నవా బిడ్డా?" "ఊఁ." "సదువుతున్నవా?" "ఊఁ." అంతే. కొన్నాళ్లకు ఫోన్ అంటేనే అమ్మ వెనక దాక్కునేదాన్ని. ఆ గొంతు ఎవరో దూరపు చుట్టాల గొంతులా అయిపోతోందని నాకు తెలుస్తూనే ఉంది. ఇంకొన్నాళ్లు గడిస్తే బాపు నాకు గోడ మీది ఫొటోగానే మిగిలిపోయేవాడు.

సారు వచ్చిన ఏడు వానలు ముఖం చాటేశాయి. మక్కచేలు మోకాలెత్తు కాకముందే వాడిపోయాయి. ఏడాదికి రెండు రోజులు మన ఊళ్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడని, ఆ మధ్యాహ్నం నిలువు కట్టెకు నీడే ఉండదని సారు అప్పుడే చెప్పారు. ఒకటి ఎండాకాలం సెలవుల్లో పోయిందట, రెండోది రాబోతోందట. ఊరంతా మబ్బు కోసం చూస్తుంటే, మేం మబ్బు రావద్దని మొక్కుకున్నాం. సారు విని మమ్మల్ని దగ్గరికి పిలిచారు. "గట్ల మొక్కకుండ్రి పిల్లలూ. వాన పడనీయుండ్రి. నీడ ముచ్చట వచ్చే ఏడు సూసుకుందం."

వాన పడలేదు. మూరెడు కట్టె నాటి చుట్టూ కూర్చున్నాం. నీడ కుంచించుకుపోయి కట్టె మొదట్లోకి దూరిపోయింది. అందరూ కేకలు పెట్టారు. నేను మాత్రం, "సారూ, మా బాపుకాడ గూడ నీడ పోతదా?" అని అడిగాను.

జవాబు ఆయనకు తెలుసు. చెప్పలేదు. "నాకేమెరుక? నేను దుబాయి సూడలే. మీ బాపునే అడుగు" అన్నారు.

ఆ శుక్రవారం రిసీవర్ అమ్మ చేతిలోంచి నేనే లాక్కున్నాను. మధ్యాహ్నం నీడ చూడమంటే, "కట్టె నాటాల్నా?" అని బాపు మళ్లీ మళ్లీ అడిగాడు. పై శుక్రవారం ఆయన గొంతే మారిపోయింది. "పోలే బిడ్డా! గా నీడ పోనే లేదు. మూడు వేళ్లంత నిలిచింది, ఉత్తరం దిక్కు. మా రూమోళ్లంత వచ్చి సూసిండ్రు. ఒకాయన కట్టె వంకర నాటిన్నని లొల్లి వెట్టిండు!" నేను పక్కున నవ్వాను. అటు బాపు కూడా నవ్వాడు. ఆయన నవ్వు నేను వినడం అదే మొదలు.

సారుకు చెబితే, "అయితే మీ బాపు కర్కట రేఖ అవతల ఉన్నడన్నట్టు. సూర్యుడు గా రేఖ దాటి పోడు" అన్నారు, తనకూ అప్పుడే తెలిసినట్టు. ఆ తర్వాత శుక్రవారాలకు మాకు మాటలే మాటలు. గాలి ఎటు నుంచి వీచింది, ఇసుక ఏ రంగు, నెలవంక ఎటు వంగింది. ప్రశ్నలన్నీ సారువే. తండ్రులు గల్ఫ్ పోయిన పిల్లలందరికీ ఆయన ఇట్లాగే ఏదో ఒక ప్రశ్న చేతికిచ్చి పంపేవారని పెద్దయ్యాక తెలిసింది. చదువు చాలామంది చెప్పారు నాకు. బాపును ఇచ్చింది మాత్రం ఈ సారు ఒక్కరే.

మేం సిరిసిల్ల పోయిన రోజు సారు కోసం పక్కిళ్ల సాంచెలు బందు పెట్టారు. బాపు ఎన్నడూ సారును కలవలేదు. ఆయన దుబాయి నుంచి తిరిగి వచ్చేసరికి సారుకు బదిలీ అయింది. సారుకు దండ వేసి, బాపు ఆయన భార్య ఎదుట నేల మీద కూర్చున్నాడు.

"అమ్మా, మీరు నన్నెరుగరు" అని మొదలుపెట్టాడు. "శుక్రవారం వస్తున్నదంటే నాకు భయమైతుండె. ఫోన్ల బిడ్డ పలుకకపోతుండె. సారు గా కట్టె నీడ ముచ్చట అడిగిపిచ్చేదాక, నా బిడ్డతోని ఏం మాట్లాడాల్నో నాకు ఎరుక లేకుండె."

ఇన్నేళ్లలో ఈ మాట నాతో అనలేదు. ఆ భయం నా ఒక్కదానిదే అనుకున్నాను. ఆమె కళ్లు తుడుచుకుని నీళ్లు తెప్పించింది. బాపు గ్లాసు అందుకున్నాడు కానీ తాగడం మరిచిపోయాడు. దాన్ని రెండు చేతులా పట్టుకుని, అక్కడి గాలి సంగతి, ఇసుక సంగతి ఆమెకు చెబుతూనే ఉన్నాడు.