మామ పంపిన మంచి ఐసు

మా బంధువులు నలుగురు ఒకచోట చేరితే నా కథ ఒకటి చెప్పుకుంటారు. ఎమ్మెస్సీ చదివే రోజుల్లో ధ్రువాల సముద్రాన్ని తిరుపతిలో చూపిస్తానని బయలుదేరి నేను నవ్వులపాలయ్యానని, మా మేనమామ ఐసు వల్లే ఆ పని చెడిందని. అందరికంటే ముందు మొదలుపెట్టేది మామే. ఇన్నేళ్ళు నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను. ఇక నవ్వను. ఆ రోజు చెడింది ఐసు కాదు. నేను చెప్పిన మాటా తప్పు కాదు.

ఎనభైల మొదటి రోజులవి. మన దేశం వాళ్ళు ఓడలో దక్షిణాన మంచు ఖండం దాకా వెళ్ళి వచ్చారని రేడియో చెబుతుంటే మా తరగతి అంతా అదే మాట. మా శాఖాధిపతి ఆ ఊపులోనే బొగ్గుపులుసు వాయువు పాఠం చెప్పారు. గాలిలోని ఆ వాయువును సముద్రం తాగుతుందని, నీళ్ళు ఎంత చల్లగా ఉంటే అంత ఎక్కువ తాగుతుందని.

"మరి సముద్రం గడ్డకట్టిన చోట సార్?" అని నేను లేచాను.

"మూత పెట్టిన కుండ. లోపలిది లోపలే, బయటిది బయటే."

నాకు మింగుడు పడలేదు. నా వేసవి సెలవులన్నీ వడమాలపేట దగ్గర మామ ఐసు ఫ్యాక్టరీలోనే గడిచాయి. అక్కడ పెద్ద తొట్టిలో చిక్కటి ఉప్పునీళ్ళు ఉండేవి. మంచినీళ్ళు గడ్డకట్టే చలికి కూడా అవి గడ్డకట్టవు. మంచినీళ్ళు నింపిన ఇనుప డబ్బాలను అందులో దించితే డబ్బాల్లో నీళ్ళు గడ్డకట్టేవి. తుప్పుపట్టి చిల్లిపడ్డ డబ్బాలోకి ఉప్పునీళ్ళు దిగితే మాత్రం ఆ గడ్డ చెడేది. తెల్లగా, మెత్తగా, ఎప్పుడూ చెమర్చుతూ ఉండేది. ఎండకు పట్టి చూస్తే లోపల దారాల్లాంటి సన్నటి గొట్టాలు, వాటి నిండా ఉప్పునీళ్ళు. సోడా కొట్టువాళ్ళు దాన్ని ముట్టుకునేవాళ్ళు కాదు. సముద్రం గడ్డకడితే తయారయ్యేది ఆ చెడిన ఐసే కదా. అన్ని గొట్టాలున్నది మూత ఎట్లా అవుతుంది?

అదే అన్నాను. శాఖాధిపతి కళ్ళజోడు తీశారు. "కాలేజీ ప్రదర్శన వస్తోంది. అందరి ముందూ చూపించు. చూపిస్తే నీ ప్రాజెక్టు అదే. లేదంటే నేనిచ్చింది నోరు మూసుకుని తీసుకో."

వడమాలపేట వెళ్ళాను.

"మామా, నాకొక చెడిన గడ్డ కావాల."

"సెడిందా? దేనికిరా, దిష్టి తీసేదానికా?"

"ఉప్పు దిగిన గడ్డే కావాల మామా. కాలేజీలో సూపించాల."

"సరేలే పో. అల్లుడు నోరు తెరిసి అడిగితే కాదంటానా."

ప్రదర్శన రోజు మామే స్వయంగా వచ్చాడు, ఇస్త్రీ పంచె కట్టుకుని. బస్సు టాపు మీద నుంచి దించిన గోనెసంచి విప్పి ఊక దులిపాను. లోపల అద్దంలాంటి గడ్డ. అవతల ఉన్న నా చెయ్యి కనిపిస్తోంది.

"ఇదేంది మామా?"

"ఎట్లుండాది సూడు! తెల్లారినప్పటి నుంచి నేనే నిలబడి తీయించినా. పెద్దమనుషులు వచ్చే తావుకి సెడిపోయిన సరుకు పంపితే నా మొగాన ఉమ్మరా అబ్బోడా?"

మళ్ళీ వడమాలపేట పోయి వచ్చే సమయం లేదు. గాజు జాడీలో గోలీసోడా పోసి, మూతి మీద ఆ గడ్డ నుంచి కోసిన ఐసు పలక పెట్టి, అంచుల చుట్టూ మైదాపిండి మెత్తాను. పైన సున్నపుతేట గిన్నె పెట్టి గాజుగంట బోర్లించాను. సోడాలోని వాయువు ఐసును దాటి వస్తే సున్నపుతేట పాలలా తెల్లబడాలి. జనం ఎదురుచూశారు. తేట తేటగానే ఉంది.

"మూత మూతేనయ్యా," అన్నారు శాఖాధిపతి. హాలంతా నవ్వింది.

నేను మామ వైపు తిరిగాను. "నీ మర్యాద నా కొంప ముంచింది మామా! సెడిందే కదా అడిగినాను?"

మామ గోనెసంచి దులిపి, మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మా ఇంట్లో ఆయన కోసం వండిన అన్నం అట్లాగే ఉండిపోయింది.

తర్వాతి వారం చెడిన గడ్డ నేనే మోసుకొచ్చాను. అదే జాడీ, అదే పిండి. సున్నపుతేట మెల్లగా తెల్లబడింది. పరుగున పోయి శాఖాధిపతిని పిలుచుకొచ్చాను. ఆయన వంగి చూసి, "అంచుల్లో పిండి సందున వాయువు కారి ఉంటుంది," అని వెళ్ళిపోయారు. ఆయనిచ్చిన వేరుశెనగ చేల మట్టి మీద ప్రాజెక్టు రాసి, బంగారుపాళ్యంలో సైన్సు టీచరునయ్యాను.

చాలా ఏళ్ళకు, పిల్లలకు ఈ ప్రయోగం చెబుతూ బోర్డు మీద రెండు జాడీలు పక్కపక్కన గీశాను. ఒకదాని మీద మంచి ఐసు, ఇంకోదాని మీద చెడిన ఐసు. సుద్దముక్క చేతిలోనే ఆగిపోయింది. రెండింటికీ పిండి ఒకటే. పిండి సందున కారేదే అయితే మామ ఐసుతోనూ కారాలి కదా! కారలేదు. శాఖాధిపతి మాటకు జవాబు ఆ అద్దంలాంటి గడ్డే. దాన్ని ఊక దులిపి చేతుల్లోకి తీసుకున్నది నేనే, నలుగురిలో తిట్టిపోసిందీ నేనే.

తర్వాత చదివినవీ నా వైపే నిలిచాయి. చలి మరీ ముదిరితే ఆ గొట్టాలు మూసుకుంటాయి, నిజమే. అప్పుడది మూతే. చలి కాస్త తగ్గితే తెరుచుకుని వాయువును అటూ ఇటూ పోనిస్తాయి. సముద్రం గడ్డకట్టేటప్పుడు బయటికి కారే చిక్కటి ఉప్పునీరు కొంత వాయువును అడుగుకు మోసుకుపోతుంది కూడా. అంత పని చేసే ఐసును కుండ మూత అని ఒక్క మాటతో తేల్చేయడం అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే.

పోయిన నెల మామ మనవడికి కొండ మీద పుట్టువెంట్రుకలు తీయించి, దిగి వచ్చి అలిపిరి దగ్గర భోజనాలకు కూర్చున్నాం. మామ మొదలుపెట్టాడు. "నా ఐసు వల్లే వీడి సదువు..."

"ఆపు మామా. నీ ఐసు మంచిదే. అది లేకుంటే నా మాటకి సాక్ష్యమే లేదు. అది తెలీక నలుగురిలో నిన్ను అంటిని. తప్పు నాది." జాడీలు, పిండి, అంతా విడమరిచి చెప్పాను.

మామ మజ్జిగన్నం కలుపుతూ తలెత్తాడు. "అంటే నేను పంపింది సరైందే?"

"సగం. రెండోదీ పంపుంటే..."

"నువ్వు రెండు అడిగితే గదరా పంపేది!"

అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు చెందాల్సిందే, తీసుకున్నాను. మామ మాత్రం నవ్వలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"మీ హెడ్డు సారు యాడుండాడు ఇప్పుడు?"

"రిటైరై ఈ ఊళ్ళోనే ఉన్నాడు. ఏం?"

"లెయ్ మరి. రెండు గడ్డలూ ఎత్తుకోని పోదాం పా."