కవర్లు తీయని ఇల్లు

మా చెల్లెలి కూతురి మొదటి పుట్టినరోజుకు గోడ నిండా కాగితం సీతాకోకచిలుకలు నేనే చేసి తెస్తానని నోరు జారాను. అప్పటికి కటింగ్ మెషిన్ నా చేతికి రానే లేదు. ఫోన్‌లో బొమ్మ ఎంచుకుంటే చాలు, లోపలున్న చిన్న బ్లేడు కాగితాన్ని దానంతటదే కత్తిరించి పెడుతుందని వీడియోలో అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పారు. నమ్మాను.

ఆర్డరిచ్చిన మెషిన్ పుంగనూరులో మా ఇంటికి వచ్చింది. మదనపల్లెకు పోయి మందపాటి రంగు కాగితాలు ఒక కట్ట తెచ్చుకున్నాను. పెట్టెలోంచి అన్నీ తీసి సర్దుతుంటే, కాగితం పరిచే పచ్చటి మ్యాట్ మూల కాస్త లేచి కనిపించింది. "ఊడిపోతాది, టేపెయ్యమ్మా" అంది మా అత్త. వేశాను.

ఇక మొదలయ్యాయి నా తిప్పలు. మెషిన్ మ్యాట్‌ను కర్రుమంటూ లోపలికి లాక్కుంది. బ్లేడు తగలగానే కాగితం పక్కకు జారి, ముడుచుకుపోయి, చిరిగి బయటికొచ్చింది. రెక్క ఒకచోట, మీసాలు ఒకచోట. బ్లేడు మార్చాను. లోతు తగ్గించాను. మెల్లగా కోయమన్నాను. ఏం చేసినా అదే వరస. వీడియోలో అమ్మాయి మాత్రం నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండింది.

అంతలో కుప్పం నుంచి చెల్లెలి ఫోన్. "అక్కా, నువ్వు తెస్తానంటివని నేను ఏమీ కొనలే. గోడంతా ఖాళీగా పెట్టిండాను. రేపు పొద్దున బస్సుకే వచ్చెయ్."

"వస్తాండానులే" అని పెట్టేశాను. అల్లికలు, పెయింటింగులు, కుట్టుపని, అన్నీ సగంలో వదిలేసే అక్కనని దానికి బాగా తెలుసు. అయినా నమ్మింది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అత్త మీద కోపం దుత్త మీద చూపుతారంటారు. నేను మెషిన్ మీది కోపం అత్త మీద చూపించాను. ఆమె పాపం చిక్కుడుకాయలు ఒలుస్తూ, "యాల తల్లీ దాంతో కుస్తీ పడతాండావు? ఇంట్లో కత్తెర ఉండాది గదా" అంది. "మీరు కాసేపు మాట్లాడొద్దత్తా!" అని అరిచి మ్యాట్‌ను బల్ల మీద విసిరికొట్టాను. టేపు ఊడింది. దాంతోపాటు ఒక పల్చటి పొర లేచింది.

మా ఇంట్లో కొత్త వస్తువుకు కవరు తీయరు. ఫ్రిజ్ తలుపు, రిమోటు, స్కూటర్ సీటు, అన్నిటికీ కొన్ననాటి పొర అలాగే ఉంటుంది. ఆ అలవాటులో నేనూ మ్యాట్ మీది పొరకు టేపేసి మరీ కాపాడాను. పీకి చూస్తే కింద అంతా జిగురు. కాగితం కదలకుండా పట్టుకునేది అదే.

ఈసారి సీతాకోకచిలుక మీసాలతో సహా నున్నగా వచ్చింది. కానీ కట్టలో అదే చివరి కాగితం. పొద్దుగూకింది, మళ్లీ మదనపల్లె పోయే వేళ కాదు. ఆ ఒక్కదాన్ని చేతిలో పట్టుకుని ఏడ్చేశాను.

అత్త మంచం కిందనుంచి గోనెసంచి లాగింది. ఏళ్లనాటి పెళ్లి పత్రికలు. పసుపు పెట్టినవి పారేయకూడదని దాచినవి. ఎరుపు, బంగారు రంగు, అన్నీ మందపాటి అట్టలే. "దేవుడి బొమ్మలు నేను కత్తిరించి పక్కన పెడతా. మిగతాది నీ మిషన్‌కు పెట్టు" అంది.

మర్నాడు కుప్పంలో గోడ నిండింది. రెక్కల అంచున పసుపు చూసి చెల్లెలు ముచ్చటపడింది.

కానీ ముందురోజు సాయంత్రం పత్రికలు తీస్తుంటే సంచి అడుగున ఇంకో పత్రిక ఉంది, ప్లాస్టిక్ కవరులో, నలగకుండా. నా పెళ్లిదే. "ఇదీ ఇయ్యండత్తా, అట్ట బాగుండాది" అని చెయ్యి చాపాను. అత్త దాన్ని లాక్కుని పైటకొంగుతో తుడిచింది.

"దీనికి మాత్రం కవరు తియ్యనీను" అంది.