బావ తెచ్చిన తేలిక బ్యాటరీలు

మా బావకు మోటార్లకు తీగ చుట్టడం తప్ప ప్రపంచంలో ఇంకేదీ సరిగ్గా రాదు. ఈ మాట ఆయన ముందే అంటాను. మరదలిని కదా, ఆ హక్కు నాకుంది. ఊరి చివర వాలు నేలలో అక్కకు మొక్కల నర్సరీ ఉంది. కింద షెడ్డు, పైన గులాబీ తోట. కుండీలు పైకి చేర్చడానికి బావ ఎక్కడో తుక్కులో పడివున్న చిన్న కరెంటు ట్రాక్టరు తెచ్చి బాగుచేశాడు. దాని మీద అక్కను మాత్రం ఎక్కనిచ్చేవాడు కాదు. "నువ్వెక్కితే నా బ్యాటరీలు ఏడుస్తాయే" అని పదేళ్లుగా అదే జోకు. అక్క మూతి ముడుచుకుని పక్కన నడిచేది.

రెండు నెలల కిందట ఆ బ్యాటరీలు నిజంగానే చచ్చాయి. సరిగ్గా అప్పుడే అక్క మోకాళ్లూ మొరాయించాయి. "ఈ బండి పైకెక్కకపోతే పై తోట ఎవరికైనా ఇచ్చేస్తానండీ. ఇక నా వల్ల కాదు" అంది ఒకరోజు. ఆ గులాబీలన్నీ తన చేత్తో అంటు కట్టినవే. ఆ పూట బావకు అన్నం సహించలేదు.

పాతవి సీసం బ్యాటరీలు, సీటు వెనక పెట్టెలో ఆరు. ఒక్కోటి ఎత్తాలంటే ఇద్దరు కావాలి. "అవే తెండి, బండికి అలవాటైనవి" అంది అక్క. బావ వింటాడా! వారం రోజులు వోల్టులూ ఆంపియర్లూ రాసుకుని, పెట్టె కొలతలు మూడుసార్లు తీసి, ఛార్జరు కూడా మార్చి, చివరికి లిథియం బ్యాటరీలు తెచ్చాడు. ఒకదాన్ని ఒంటి చేత్తో ఎత్తి, "చూశావా మరదలా, దూదిపింజ! ఇక మన బండి లేడిపిల్లే" అన్నాడు.

షెడ్డు ముందు చదునులో బాగానే పరిగెత్తింది. కుండీల ట్రాలీ తగిలించి వాలు ఎక్కించబోయేసరికి వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. మట్టి లేచింది తప్ప బండి జానెడు కదల్లేదు. బావ దిగి తీగలు చూశాడు, ఫ్యూజు చూశాడు, మీటరు పెట్టాడు. అన్నీ భేషుగ్గా ఉన్నాయి. ఆయన ముఖమే వాడిపోయింది. అక్క పై తోటకేసి చూస్తూ నిలబడింది. అయ్యో, ఆ చూపు నేను చూడలేకపోయాను.

"బావా, పాతవి ఎంత బరువుండేవి?" అన్నాను.

"ఆరూ కలిపి నూట ఎనభై కిలోలు" అన్నాడు. అనగానే ఆయనకే వెలిగింది. ఇన్నాళ్లూ చక్రాలను నేలకు అదిమిపట్టింది ఆ బరువే. కొత్తవన్నీ కలిపినా అరవై లేవు.

బావ తల గోక్కున్నాడు. అక్కకేసి చూశాడు, మళ్లీ నేల చూపులు చూశాడు.

"ఏమే... కాస్త ఆ పెట్టె మీద కూర్చుంటావా?"

"నేనా! మీ బ్యాటరీలు ఏడవ్వూ?"

"ఏడిస్తే నేను ఓదారుస్తాలే, ఎక్కవే తల్లీ!"

నేను పడీ పడీ నవ్వాను. అక్క నా భుజం పట్టుకుని ఎక్కి కూర్చుంది. చక్రాలు మట్టిని పట్టాయి. బండి మెల్లగా, కుండీలతో సహా పైకి చేరింది. రెండు నెలల తర్వాత అక్క ఒక్కో గులాబీ మొక్కనూ పలకరిస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి.

మర్నాడు పొద్దున్నే బావ ఇసుక బస్తాలు రెండు మోసుకొచ్చి పెట్టె మీద కట్టాడు. అక్క వచ్చి చూసింది.

"అవి దించండి" అంది. "అది నా చోటు."