మా అమ్మాయి మా నోళ్ళవైపు చూసిన రోజులు

ఇది డెబ్బై తొమ్మిది నాటి సంగతి. మా దీవెనకి ఎనిమిదేళ్ళు. వానాకాలమంతా కారిన చెవి ఒక ఉదయం కారడం మానేసింది. ఇంట్లో తీసిన కొబ్బరినూనెలో వెల్లుల్లి కాచి రోజూ చెవిలో పోసింది నేనే. నూనె పనిచేసిందని మా అత్తగారూ నేనూ సంబరపడ్డాం. సాయంత్రానికి పిల్ల తలనొప్పంటూ గోడవైపు తిరిగి పడుకుంది. తలుపు తీస్తే వెలుగు గుచ్చుతోందని కేకలు పెట్టింది.

మర్నాడు వాంతులు, జ్వరం. మెడ కర్రలా బిగిసింది. ముమ్మిడివరం డాక్టరుగారు, "బ్రెయిన్ ఫీవరులా ఉందండీ, కాకినాడ తీసుకెళ్ళిపోండి" అన్నారు. గోదావరి దాటడానికి ఎదుర్లంక రేవులో పంటు ఎక్కాం. నా ఒళ్ళో పిల్ల కళ్ళు తెరిచే ఉంది, మమ్మల్ని చూడటం లేదు. ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. పక్కనున్నవాళ్ళు మెల్లగా దూరం జరిగారు.

కాకినాడలో లంబార్ పంక్చర్ చేశారు. వెన్నులోంచి తీసిన నీరు కుడితిలా ఉంది. "మెనింజైటిస్. చెవిలో చీము మెదడు పొరలకి ఎక్కిందమ్మా" అన్నారు డాక్టరుగారు. రోజుల తరబడి పెన్సిలిన్ ఇంజెక్షన్లు చేశాక పిల్ల మంచినీళ్ళడిగింది.

పంపించేటప్పుడు ఆయన, "దేశంలో ఎంతమంది పిల్లలకో వస్తోందిది. కొందరికి చెవి నుంచి, కొందరికి టీబీ నుంచి. బతికినా కొందరికి వినికిడి పోతుంది. నెల పోయాక తీసుకొచ్చి చూపించండి" అన్నారు. "ఆయ్, అలాగేనండీ" అన్నాం. వెళ్ళలేదు. లేచి తిరుగుతున్న పిల్లకి మళ్ళీ ఆసుపత్రెందుకులే అనుకున్నాం.

ఇంటికొచ్చాక దీవెన అడుగు చప్పుడు లేకుండా మా వెంటే తిరిగేది. ఎవరు మాట్లాడినా ఎదురుగా నిలబడి, రెప్ప వేయకుండా నోట్లోకి చూసేది. వెనక నుంచి పిలిస్తే తిరిగేది కాదు. మా అత్తగారు నన్ను పక్కకి లాగారు.

"ఇది మన పిల్ల కాదే అమ్మాయ్. దీని లోపల ఇంకెవరో కూర్చున్నారు."

బడిలో చదువు చెప్పే టీచర్నై ఉండి కూడా నేను ఆ మాట నమ్మాను. నా కడుపున పుట్టిన పిల్ల పక్కన పడుకోవడానికి భయపడ్డాను.

ఒక మధ్యాహ్నం వంటపాక రేకుల మీద కొబ్బరికాయ పడింది. అందరం ఉలిక్కిపడి లేచాం. పాకలోనే చింతపిక్కలు ఆడుకుంటున్న దీవెన తల కూడా ఎత్తలేదు.

ఇప్పుడు అమలాపురంలో జాకెట్లు కుడుతోంది. మొన్న కాగితం మీద రాసి అడిగింది, "నాకు ఆఖరుగా వినబడింది నీ గొంతేనమ్మా. ఏమన్నావు?" అని. తలనొప్పితో ఏడుస్తుంటే, నోర్మూసుకుని పడుకోమని కసిరాను. పాట పాడానని రాసిచ్చాను.

మెనింజైటిస్ తగ్గి ఇంటికొచ్చిన పిల్లల్ని వెనక నిలబడి పేరుపెట్టి పిలవండి. తిరక్కపోతే ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.