టైరు పైన నాలుగు వేళ్లు

మొన్న సాయంత్రం కళ్యాణదుర్గం రోడ్డులో నిలబడి టీ తాగుతున్నాను. టమాటా పెట్టెలు నిండా వేసుకున్న చిన్న లోడు బండి ఒకటి స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగింది. వెనక చక్రం దగ్గర ఎండిపోయిన రబ్బరు బుష్ కీచుమంది. అక్కడున్నవాళ్లెవరూ తల తిప్పలేదు. నాకు మాత్రం ఓబులేసన్న గుర్తొచ్చాడు. అలాంటి శబ్దం వింటే చాలు, కళ్లు మూసుకుని "ఎడమ పక్క, లోపలి బుష్" అని చెప్పేసేవాడు. తర్వాత బండి కిందికి దూరి చూస్తే అదే అయ్యేది. ఆయన పోయి రెండేళ్లయింది. నా బుర్రలో మాత్రం ఇంకా ఉద్యోగం చేస్తూనే ఉన్నాడు.

అనంతపురం దాటాక హైవే పక్కన సరుకుల బండ్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో నేను చేరిన రోజుల్లో ఓబులేసన్న టెస్టింగ్ విభాగానికి పెద్ద. ఏడో తరగతితో చదువు ఆపి, చాలా ఏళ్లు లారీలు తోలి, తర్వాత మెకానిక్ షెడ్డు పెట్టుకున్న మనిషి. నేను ఎం.టెక్. చేసి, బండి రోడ్డెక్కకముందే కంప్యూటర్లో నడిపి చూసే పని నేర్చుకుని వచ్చినదాన్ని. గార్లదిన్నె పక్క పల్లెలో శెనక్కాయలు పండించే రైతు కూతురినే అయినా, మెడలో కంపెనీ కార్డు పడేసరికి నా కాళ్లు నేల మీద నిలిచేవి కావు. ఏడో తరగతి మనిషి నా రిపోర్టు మీద సంతకం పెట్టాలా అని లోపల ఉడుక్కునేదాన్ని. ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది.

ఆ ఏడు మేం చేస్తున్న కొత్త బండికి వెనక సెమీ ట్రెయిలింగ్ ఆర్మ్ సస్పెన్షన్ పెట్టారు. అంటే చక్రాన్ని ఒక ఇనుప చేయి పట్టుకుని ఉంటుంది. ఆ చేయి ముందు వైపు బండి అడుగుకు రెండు బుష్‌లతో, కాస్త ఏటవాలుగా బిగించి ఉంటుంది. బందులు ఏటవాలుగా కొట్టిన తలుపును తెరిస్తే ఎలా ఒక పక్కకు ఒరుగుతుందో, చక్రం కూడా పైకి లేచేకొద్దీ తల లోపలికి వాల్చి, చూపు కాస్త పక్కకు తిప్పుకుంటుంది. ఆ ఒరుగు, ఆ తిప్పు ఎంత అన్నదే నేను తేల్చాల్సిన లెక్క. లెక్క తప్పితే నిండు లోడుతో స్టీరింగు ఒక్కసారిగా పక్కకు కోసినప్పుడు బండి తోక విసురుతుంది, మనిషితో సహా పల్టీ కొడుతుంది. నేను సాఫ్ట్‌వేర్లో ఆ ఇనుప చేతిని, బుష్‌లను, స్ప్రింగును అన్నీ కట్టి, బండిని ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి పరిగెత్తించాను. రెండుసార్లూ గ్రాఫు గీతలు అచ్చం ఒక్కలాగే వచ్చాయి. ఇంత చక్కగా ఎలా వచ్చాయని ఒక్క క్షణం అనిపించింది. డిజైన్ బాగుందిలే అని సర్దిచెప్పుకుని, సంతకం చేసి, రిపోర్టు తీసుకెళ్లి ఓబులేసన్న బల్ల మీద పెట్టాను.

ఆయన పేజీలు తిప్పాడు. ఒక్క ముక్కా అర్థం కావట్లేదని నాకు తెలుస్తూనే ఉంది.

"బాగుండాదా?" అన్నాడు.

"బాగుందన్నా. లోడేసినా ఏం తేడా లేదు."

"సరే. రేపు పొద్దున్నే నిండా మూటలేసి, డెబ్బైలో పోతా పోతా ఒక్కసారి పక్కకు కోస్తాం. పక్క సీట్లో నువ్వు కూచుంటావా?"

"నేనెందుకన్నా? నా పని లెక్క వరకే కదా."

"లెక్క సరిగా ఉంటే కూచునేదానికేమమ్మా?"

నా చూపు రిపోర్టు మీదికి పోయింది. ఆ ఒక్కలాంటి గీతలు కళ్ల ముందు ఆడాయి. ఓబులేసన్న రిపోర్టు మూసేశాడు.

"నీ గీతలు నాకు తెల్దు తల్లీ. మొగం చూస్తే తెలుస్తాది. యాడో ఏదో ఉండాది. పా, బొమ్మ చూపియ్యి."

నా సీటు దగ్గరికొచ్చి, కంప్యూటర్లో ఖాళీ బండి బొమ్మ పెట్టించాడు. మా వైపు డ్రైవర్లు లోడు వేయించాక టైరుకూ పైన రేకుకూ మధ్య చేయి దూర్చి ఎన్ని వేళ్లు పడతాయో చూస్తారు. నాలుగు పడితే బండి తేలిగ్గా ఉన్నట్టు. రెండే పడితే ఇంక మూట వేయొద్దని అరుస్తారు. ఓబులేసన్న కూడా అలాగే తెర మీద, టైరు పైన వేళ్లు ఆనించాడు. నాలుగు పట్టాయి. లోడు బండి బొమ్మ పెట్టించి మళ్లీ ఆనించాడు. అప్పుడూ నాలుగే.

"ఇన్ని మూటలేస్తే ఒక్క వేలు గూడా కుంగలేదే! ఏం బండమ్మా ఇది, దేవుని రథమా? మీ నాయన శెనక్కాయలు మండీకి తోలేటప్పుడు బండి కుంగేది నువ్వు చూడ్లేదా?"

చూడకపోవడమేమిటి, ఆ మూటల మీద కూర్చుని ఎన్నిసార్లు వచ్చానో. తప్పు నాకు అప్పుడు తెలిసింది. ఎంత బరువు వేసినా బండి డ్రాయింగులో గీసిన ఎత్తులోనే నిలబడేలా స్ప్రింగును బిగించే ఏర్పాటు ఒకటి సాఫ్ట్‌వేర్లో ఉంటుంది. ఖాళీ బండి కోసం పెట్టి, లోడు లెక్కకు తీసేయడం మరిచాను. బండి కుంగనే లేదు కాబట్టి చేయి లేవలేదు, చక్రం ఒరగలేదు. సాఫ్ట్‌వేర్ దానంతటదే అలా చేస్తుందని ఏదో నసిగాను.

"తాటిచెట్టెందుకెక్కినావంటే దూడ గడ్డికన్నట్టుండాది నీ మాట," అని నవ్వి, రిపోర్టు నా చేతికిచ్చి వెళ్లిపోయాడు. టెస్టు వాయిదా వేశామని చెప్పాడే గానీ ఎందుకో పైవాళ్లకు చెప్పలేదు. ఆయన తిట్టి ఉంటే నాకు ఇంకా తేలిగ్గా ఉండేది.

బండిని కుంగనిచ్చి మళ్లీ నడిపితే కంప్యూటర్లో తోక విసిరింది. ఇనుప చేతిని బిగించే ఏటవాలు తగ్గించి, గట్టి స్ప్రింగు వేసి, కొత్త బండి సిద్ధం చేసేసరికి నెల పట్టింది. ఈసారి రిపోర్టు ఇస్తూ నేనే అడిగాను, "రేపు నేను కూర్చుంటానన్నా" అని. మర్నాడు పొద్దున నిండా ఇసుక మూటలు వేశారు. ఓబులేసన్న టైరు పైన చేయి దూర్చి రెండు వేళ్లు చూపించి, స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. డెబ్బైలో పక్కకు కోసినప్పుడు నేను గట్టిగానే అరిచాను. బండి మాత్రం ఒకసారి ఊగి నిలదొక్కుకుంది.

"గొంతు బలే ఉండాది, హారన్ మిగులుతాది మనకు," అన్నాడాయన.

తర్వాత టెస్టు బండ్లు తోలడం కూడా ఆయనే నేర్పాడు. ఇప్పుడు ఆ విభాగం నేను చూస్తున్నాను. మొన్ననే శ్రావణి అనే కొత్త ఇంజనీరు ఇంకా పెద్ద బండికి ఇలాంటి సస్పెన్షన్ లెక్క కట్టి తెచ్చింది. పక్క సీట్లో కూర్చుంటావా అని అడిగాను.

"కూచుంటా మేడం," అంది, రెప్పైనా వేయకుండా.

ఈసారి బండి నడపాల్సింది నేను. రిపోర్టు మొదటి పేజీ నుంచి మళ్లీ తెరవమన్నాను. ఇద్దరం మధ్యాహ్నం దాకా కూర్చుని చూశాం. తప్పేమీ దొరకలేదు. సంతకం పెట్టేటప్పుడు మాత్రం నా చేయి ఆగింది. ఇన్నేళ్లూ ఆ ప్రశ్న ఓబులేసన్న నాకు పెట్టిన పరీక్ష అనుకున్నాను. ఆ రోజు పరువు కోసం నేను "కూచుంటా" అని అబద్ధం చెప్పి ఉంటే, ఆయన నా మాట నమ్మి మర్నాడు తోక విసిరే ఆ బండినే తోలేవాడు.