చెరిపిన బొట్టు

దెయ్యాల్ని నేను ఎప్పుడూ నమ్మలేదు. ఇప్పటికీ నమ్మనని రాయాలనే ఉంది. కానీ ఇది చదివాక ఆ మాటకి ఎంత విలువివ్వాలో మీ ఇష్టం.

డిగ్రీ మధ్యలో ఆపేశాను. నా చదువంతా లైబ్రరీల్లోనే. ఢిల్లీకి వచ్చిన కొత్తలో ఫ్యాన్ గాలి కోసం వెళ్లి కూర్చునేవాణ్ణి, తర్వాత పుస్తకాల కోసం. మనసు ఎలా పొరబడుతుంది, కళ్లు లేనిదాన్ని ఎలా చూస్తాయి, మనకి తెలియకుండానే చెయ్యి ఎలా కదులుతుంది, ఇవన్నీ ఇష్టంగా చదివాను. ఎవరైనా ఇలాంటి అనుభవం చెబితే కారణం విడమర్చి చెప్పేవాణ్ణి, కాస్త గొప్పగానే.

ఢిల్లీ పక్కనే వైశాలిలో అద్దె గదిలో ఒక్కణ్ణే ఉంటాను. స్టూడియోలు పంపే ఫోటోలు సరిచేయడం నా పని. దానికి వాడేది పెన్ ట్యాబ్లెట్. పలకలాంటి దాని మీద ప్లాస్టిక్ పెన్నుతో గీస్తే గీత కంప్యూటర్ తెర మీద పడుతుంది. నొక్కి గీస్తే లావుగా, తేలిగ్గా గీస్తే సన్నగా వస్తుంది. మౌస్‌తో గీస్తే ఆ తేడా ఉండదు, గీతంతా ఒకటే మందం.

అది పెళ్లిళ్ల సీజన్. పెళ్లికూతుళ్ల మొటిమలు, మామగార్ల కళ్ల కింద సంచులు చెరిపి చెరిపి మణికట్టు వాచింది. కళ్లు మూసుకున్నా ముఖాలే. అలాంటప్పుడు సుధ గారు ఫోన్ చేశారు. ఆవిడ సాకేత్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తారు. వాళ్లమ్మగారి సంవత్సరీకం దగ్గరపడింది, గోడకి పెట్టే ఫోటో కావాలి. బాగున్న ఫోటో ఒక్కటే ఉంది. వాళ్ల నాన్నగారు బతికున్నప్పుడు తీసింది, నుదుట గుండ్రటి స్టిక్కర్ బొట్టుతో.

ఆ బొట్టు తీసేయాలట. ఆవిడ అన్నయ్య మురళి గారు గ్రేటర్ నోయిడాలో ఉంటారు, సంవత్సరీకం వాళ్లింట్లోనే. ఊరినుంచి పెదనాన్నగారు వస్తున్నారు, భర్త పోయిన మనిషికి బొట్టుతో ఫోటో ఏంటని అంటారు, అందుకని బొట్టుంటే ఆ ఫోటో పెట్టనివ్వనన్నారట మురళి గారు.

"ఆఫీసులో ఆడవాళ్ల హక్కుల మీద స్పీచ్‌లు ఇస్తాడండీ మా అన్నయ్య. పెదనాన్న ట్రైనెక్కాడంటే చాలు, అన్నీ మర్చిపోతాడు" అని నవ్వారు ఆవిడ. పోయేముందు వాళ్లమ్మ అడిగింది అదొక్కటేనట, ఫోటోలో అయినా బొట్టు ఉంచమని. సరేనని సుధ గారు మాటిచ్చారట. "పోట్లాడే ఓపిక లేదు ప్రసాద్ గారూ. తీసేయండి."

ఇలాంటి పనులు ఎన్నో చేశాను. చుట్టూ ఉన్న చర్మం రంగు తెచ్చి కప్పడం, అంతే. మధ్యాహ్నానికల్లా పూర్తిచేసి, ఫైల్ సేవ్ చేసి, గదికి తాళం వేసి కింద పాలు తెచ్చుకోవడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఫోటోలో నుదుట బొట్టుంది.

చెరిపింది తిరిగి రాలేదు. అది స్టిక్కర్, అంచు గుండ్రంగా ఉండేది. ఇది కుంకుమ బొట్టులా ఉంది, కొంచెం పెద్దది, సన్నటి గీతలతో నింపినట్టు. నిద్రలేని చెయ్యి, అలవాటైన పని, నేనే గీసి మర్చిపోయుంటాను. చదివిన పుస్తకాలన్నీ ఆ మాటే చెప్పాయి. నిజానికి కంగారు కంటే విసుగే ఎక్కువ వచ్చింది, మళ్లీ చేయాలి కదా అని.

ఈసారి ట్యాబ్లెట్ వైరు పీకేసి పెన్నుతో సహా అల్మారాలో పెట్టాను. ఇంటర్నెట్ ఆపేశాను, దూరంనుంచి ఎవరూ ముట్టుకోకుండా. మౌస్‌తోనే చెరిపి, సేవ్ చేసి, కంప్యూటర్ ఆపి పడుకున్నాను. పొద్దున తెరిస్తే బొట్టుంది. పెద్దది చేసి చూశాను. ప్రతి గీతా సన్నగా మొదలై, మధ్యలో లావై, మళ్లీ సన్నబడింది. మౌస్‌తో అలా రాదు. అల్మారాలో ట్యాబ్లెట్ పెట్టినచోటే ఉంది.

ఇంకొకటి కూడా గమనించాను. రంగు నింపేటప్పుడు నా గీతలు ఒకవైపుకి వాలతాయి, కుడిచేతివాళ్లందరివీ అంతే. ఇవి రెండోవైపు వాలాయి.

అన్నాచెల్లెళ్లిద్దరూ ఆ ఆదివారం ఫోటో తీసుకోవడానికి వచ్చారు. దాచకుండా జరిగింది జరిగినట్టు చెప్పాను. మురళి గారు చెల్లెలి వైపు చూసి, "ఈయనకి కథ ఎంత బాగా నేర్పించావే" అన్నారు. ఆవిడ తెర దగ్గరికి వంగి చూస్తూ ఉండిపోయారు.

నేను ఒక్కటే అడిగాను. "మీ అమ్మగారిది ఎడమచేతి వాటమా?"

"మీకెలా తెలుసు?" అన్నారు సుధ గారు. చిన్నప్పుడు కొట్టి కుడిచేతికి మార్పించారట. తిండి, రాత అన్నీ మారాయి. కుంకుమ మాత్రం భర్త పోయేదాకా ఎడమచేత్తోనే పెట్టుకునేవారట, ఎవరూ చూడకుండా తలుపు వేసుకుని. ఆ సంగతి ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ తెలియదన్నారు.

గీతలు ఎటు వాలాయో పెద్దది చేసి చూపించాను. మురళి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకున్నారు. మళ్లీ చెరపమంటారేమోనని నా చెయ్యి మౌస్ మీదే ఉంది. నాకు చెరపాలని లేదు.

"వద్దండీ" అన్నారాయన. "నాన్న పోయినప్పుడు అమ్మకి ఒకసారి తీయించాం. ఇక చాలు. అలాగే ప్రింట్ వేయించండి."

పెదనాన్నగారు చూసి ఏమన్నారో నేను అడగలేదు. సంవత్సరీకమైన మర్నాడు సుధ గారు ఫోటో పంపారు, హాల్లో గోడ మీద దండతో, బొట్టుతో.

ఆ తర్వాత లైబ్రరీలో చాలా వెతికాను. మనిషికి తెలియకుండా చెయ్యి చేసే పనుల గురించి దొరికింది. నా చెయ్యి నాకు తెలియకుండా గీసిందనే అనుకుందాం. అల్మారాలో ఉన్న పెన్నుతో, ఎప్పుడూ చూడని మనిషి వాటంలో ఎలా గీసింది? కారణం తెలిసినవాళ్లు చెబితే వింటాను. వెతికే ఓపిక నాకు అయిపోయింది.