జగన్నాథం మాస్టారి తీసివేతలు

జగన్నాథం మాస్టారు ఏది తీసెయ్యాలో తేల్చకుండా ఏ పనీ మొదలుపెట్టరు. ఆయన టెక్కలిలో మా జూనియర్ కాలేజీ లెక్కల లెక్చరర్. నాది ఫిజిక్సు. పక్కపక్క గదులు కావడంతో ఆయన పాఠం గోడ దాటి నా పిల్లలక్కూడా వచ్చేసేది.

ఒక ప్రమేయాన్ని ఇంకో ప్రమేయంతో భాగిస్తే, అందులోకి ఏయే సంఖ్యలు రావచ్చు? ముందు రెండింటికీ పనికొచ్చేవి ఏరుకోవాలి. వాటిలోంచి కిందిదాన్ని, అంటే హారాన్ని, సున్నా చేసేవి తీసెయ్యాలి. మిగిలిందే ప్రదేశం. పిల్లలు పైనా కిందా ఒకేలా ఉన్నవాటిని కొట్టేసి గబగబా జవాబు రాసేస్తే ఆయన ప్రాణం గిలగిల్లాడేది. కొట్టేసినంత మాత్రాన అక్కడి గొయ్యి పూడిపోదని సుద్దముక్క అరిగేదాకా చెప్పేవారు.

మేనల్లుడు కామేష్ పెళ్లికి ముహూర్తం చూడమంటే ఆయన ఇదే లెక్క చేశారు. ఇరువైపులవాళ్లకీ వీలైన రోజులు ఏరారు. వంటవాడు దొరకని రోజులు తీసేశారు. ఒక్కటీ మిగల్లేదు. ప్రదేశం శూన్యమని నిండు సభలో ప్రకటించి కూర్చున్నారు. పెళ్లికూతురి తండ్రికి చెమటలు పట్టాయి. మాస్టారి భార్య దుర్గాంబగారు మొగుడి వంక ఒక చూపు చూసి, వంటవాణ్ణి మార్చేశారు. పెళ్లి అయింది. హారం మార్చవచ్చన్న ఆలోచన తనకెందుకు రాలేదా అని మాస్టారు విందులో చాలాసేపు పెరుగన్నం కలుపుతూనే ఉన్నారు.

ఈ ఏడాది ఆయన పిచ్చి ముదిరిందనుకున్నాం. సోమ, గురువారాల్లో కొత్త పాఠం చెప్పడం మానేశారు. పాత లెక్కలే మళ్లీ చేయించేవారు. ప్రిన్సిపాల్ తిరుమలరావుగారు పిలిచి అడిగితే, ఆ రెండు రోజులూ కొత్త పాఠం నిర్వచితం కాదన్నారు. స్టాఫ్ రూమంతా పడీపడీ నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

తరవాత ఒక గురువారం, చుట్టాన్ని చూడటానికి పలాస ఆసుపత్రికి వెళ్లాను. డయాలసిస్ గది బయట మా విద్యార్థిని భార్గవి లెక్కల పుస్తకం పట్టుకుని కూర్చుంది. లోపల వాళ్లమ్మ గౌరమ్మ. ఉద్దానం పల్లె నుంచి తల్లిని సోమ, గురువారాల్లో తనే తీసుకొస్తుందట.

"మరి లెక్కలెలాగమ్మా?" అన్నాను.

"ఏటో నా అదృష్టం సార్. నాను రాని రోజే మాస్టారు కొత్త లెక్క సెప్పరు."

మర్నాడు మాస్టారిని నిలదీశాను. ఆయన దొంగతనం పట్టుబడ్డట్టు చుట్టూ చూశారు.

"ఆ పిల్లకి సెప్పీకండి బాబూ. తెలిస్తే మొగమాటపడి, అమ్మని ఒగ్గీసి క్లాసుకొచ్చీగలదు."

నేను చెప్పలేదు. ఆ వచ్చే సోమవారం నుంచి నేనూ పాత పాఠాలే తిరగేయించాను. ప్రిన్సిపాల్ పిలిచారు. మాస్టారంత గంభీరమైన సమాధానం నా దగ్గరెక్కడిది? సోమ, గురువారాల్లో నాకు గొంతు పట్టేస్తోందన్నాను.

తిరుమలరావుగారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"అలాగైతే గురువారం పడ్డ పరీక్షలు కూడా బుధవారానికి మార్చీమంటాను," అన్నారు. "ప్రశ్నాపత్రాలు పంచడానికీ గొంతు కావాలి కదండీ."